షార్లెట్ (నార్త్ కరోలినా) నాస్కార్ కార్ల రేసుకి పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లెవరైనా ఉన్నారా?
మే నెలాఖరున మెమోరియల్ డే ముందురోజు ఆదివారం జరిగే కోకాకోలా 600కి నాన్నగారిని తీసుకెళ్దామనుకుంటున్నాం. ఒకటిన్నర మైలు ట్రాక్ మీద 400 ల్యాపులు, సాయంత్రం మొదలైతే రాత్రి దాకా సాగుతుంది. ఆయనకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ మెట్లెక్కలేరు. కింది వరసల్లో కూర్చుంటేనేమో కార్లు సర్రున దూసుకుపోవడమే తప్ప అవతలి వైపు కనబడదంటున్నారు, పైగా టైర్ల రబ్బరు ముక్కలు మీద పడతాయట! మెట్లు తక్కువుండి, పిట్ స్టాప్‌లు (కార్లు టైర్లు మార్చుకోడానికి, ఇంధనం నింపుకోడానికి ఆగడం) కనబడాలంటే ఎటువైపు టికెట్లు తీసుకోవాలి? చెవులకి మామూలు ఇయర్ ప్లగ్గులు సరిపోతాయా, పెద్ద మఫ్‌లే కావాలా? డ్రైవర్ల రేడియో మాటలు వినిపించే స్కానర్ అద్దెకి తీసుకోవడం దండగా? (ఆయనకి ఇంగ్లీషు బాగానే వచ్చు, ఆ సదరన్ యాసతోనే తంటా.) రేసయ్యాక పార్కింగ్ నుంచి బయటపడటానికి ఎంతసేపు పడుతుందో కూడా కాస్త చెప్పండి.