బర్కస్‌లో ‘అరబ్బుల పేట’ అని బోర్డు పెట్టించాలా?

సంతోష్‌నగర్ మాస్టారు:
కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ ఉన్న ఊరు ఆనహైమ్. అక్కడ బ్రూక్‌హర్స్ట్ వీధి పొడవునా అరబ్బుల బేకరీలు, హోటళ్ళు, మాంసం కొట్లు. జనం ఆ చోటుని ‘లిటిల్ అరేబియా’ అంటారు, ఊరి రికార్డుల్లో మాత్రం ఆ పేరు ఉండేది కాదు. దుకాణదారులు, కుర్రకారు కలిసి కౌన్సిల్ మీటింగులకి వెళ్ళి మైకు ముందు నిలబడి అడిగారు. విషయం అజెండాలోకి రావడానికే ఏళ్ళు పట్టింది. 2022 ఆగస్టులో కౌన్సిల్ ఏకగ్రీవంగా ఒప్పుకుంది.
మరి మన హైదరాబాద్‌లోని బర్కస్? నిజాం సైన్యంలో కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ళ బస్తీ. బ్యారక్స్ అన్న మాటే బర్కస్ అయింది. సంతకాలు సేకరించి, జీహెచ్‌ఎంసీ చేత గుర్తింపు తీర్మానం, ఒక బోర్డు సాధించాలని నా ఆలోచన. ఏమంటారు?

కాచిగూడ శ్రీను:
బోర్డు సరే మాస్టారూ, దాని కింద నాలాలో పూడిక ఎవరు తీస్తారు? అయినా బర్కస్ అన్న పేరుని ఏ కౌన్సిల్ తీర్మానించింది? మన ఏసీ గార్డ్స్ పేట పేరు ఉంది కదా, ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అని చాలామందికి తెలియదు. ఆటో ఎక్కితే నేరుగా అక్కడే దింపుతాడు. పేరు దానంతటదే నిలుస్తుంది.

నల్లకుంట లా స్టూడెంట్:
అక్కడే తేడా ఉంది శ్రీనన్నా. ఆటోవాడికి ఏసీ గార్డ్స్ తెలుసు, ఆ గార్డుల్లో పనిచేసిన ఆఫ్రికా సంతతి సిద్దీల గురించి తెలుసా? పేరు మిగిలింది, మనుషులు మరుగున పడ్డారు.
కాగితం ఎందుకు కావాలో లాస్ ఏంజెలెస్‌ని చూడండి. అక్కడి బంగ్లాదేశీలు తమ పేటకి పేరు కావాలని దరఖాస్తు పెడితే, అది కొరియాటౌన్ అనుకునే చోటే పడింది. తీరా చూస్తే అంత పేరున్న కొరియాటౌన్‌కి అధికారికంగా సరిహద్దులే లేవు! కొరియన్లు ఉలిక్కిపడి తామూ దరఖాస్తు పెట్టుకున్నారు. 2010లో రాజీ కుదిరి బంగ్లాదేశీలకి థర్డ్ స్ట్రీట్‌లో నాలుగు బ్లాకులు దక్కాయి. అందరికీ తెలుసులే అని ఊరుకుంటే అదీ సంగతి.

కాచిగూడ శ్రీను:
అదే కాలిఫోర్నియాలోని శాన్ హోసే కూడా చెప్పు మరి. 2007లో వియత్నాం వాళ్ళ పేటకి కౌన్సిల్ ‘సైగాన్ బిజినెస్ డిస్ట్రిక్ట్’ అని పెడితే, ‘లిటిల్ సైగాన్’ అనే ఉండాలని నిరాహార దీక్షదాకా వెళ్ళింది. 2008లో కౌన్సిల్ తన పేరు వెనక్కి తీసుకుంది. ఆ కౌన్సిల్లో ఉన్న వియత్నామీ ఆవిడనే దించేద్దామని ఓటింగ్ కూడా పెట్టించారు, ఓడిపోయారనుకో. ఒక పేరు కోసం సొంతవాళ్ళే రెండుగా చీలారు.

బర్కస్ చావుష్:
నేను బర్కస్‌లోనే పుట్టాను. హద్రమౌత్ నుంచి వచ్చిన మా అరబ్బుల్ని ఇక్కడ చావుష్‌లంటారు. తెలుగు స్కూల్లో నేర్చుకున్నదే, తప్పులుంటే మన్నించండి.
మాస్టారూ, మీ మనసు మంచిది. కానీ ఆనహైమ్‌లో వాళ్ళు ‘మేమూ ఇక్కడివాళ్ళమే’ అని చెప్పుకోవడానికి బోర్డు అడిగారు. మా గోడ మీద ‘అరబ్బుల పేట’ అని రాస్తే, మీరు అక్కడివాళ్ళు అని చెప్పినట్టు. 1948లో పోలీస్ యాక్షన్ తర్వాత అరబ్బుల్ని పరాయివాళ్ళని పట్టుకుని నిర్బంధించారు, చాలామందిని దేశం దాటించారు. మా ఇంట్లో ఆ సంగతి ఇప్పటికీ గొంతు తగ్గించే చెప్పుకుంటారు. మొన్న ఏదో ఎంక్వైరీకి వచ్చినాయన నా ఇంటిపేరు చూసి “అసలు మీది ఏ దేశం?” అన్నాడు. ఇంకా బోర్డు కూడానా? టెన్షన్ నాకు, ఫోటోలు మీకు.

నల్లకుంట లా స్టూడెంట్:
ఇది నాకు తట్టలేదు భాయ్. మరి మనుషుల పేరు కాకుండా వస్తువు పేరు అడిగితే? హలీమ్ తయారీదార్లు సంఘం కట్టి 2010లో హైదరాబాద్ హలీమ్‌కి జీఐ గుర్తింపు, అంటే ఈ వస్తువు ఈ ఊరిదే అనే ముద్ర, తెచ్చుకున్నారు. ఎవరి జాతీ అడగలేదు.

బర్కస్ చావుష్:
ఆ హలీమ్‌కి తాత మా హరీసే కదా, గోధుమలూ మాంసమూ కలిపి వండే మా అరబ్బుల వంటకం! దాని గురించి, ఒకప్పుడు ఊరంతా తిన్న బర్కస్ జామ గురించి, బ్యారక్స్ గురించి రాస్తే సంతకం పెడతాను. ‘అరబ్బుల పేట’ అన్న మాట ఉంటే పెట్టను, మా గల్లీలో ఎవరిచేతా పెట్టించను.

సంతోష్‌నగర్ మాస్టారు:
ఆ మాట కొట్టేశాను నాయనా. మళ్ళీ రాసి ఆదివారం తెస్తాను, నువ్వే దిద్దాలి.

బర్కస్ చావుష్:
పొద్దున్నే రండి మాస్టారూ. ఆలస్యమైతే హరీస్ అయిపోతుంది.