ఊరితో విశ్వవిద్యాలయం చేసుకునే ఒప్పందంలో ఏం రాసుకుంటే పని నడుస్తుంది?

సోంపేట అధ్యాపకుడు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతమైన ఉద్దానంలోని ఒక డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. మా కళాశాల, ఒక విశ్వవిద్యాలయం, చుట్టుపక్కల మూడు పంచాయతీలు కలిసి సుస్థిరాభివృద్ధి కోసం అయిదేళ్ల అవగాహన ఒప్పందం చేసుకోబోతున్నాయి. ముసాయిదా రాసే పని నాకు అప్పగించారు. తాగునీటి నాణ్యత, కొబ్బరి జీడి తోటల నేల సారం, తీరంలో చెట్ల పెంపకం, బాలికల చదువు అంటూ ఇప్పటికి ఆరు అంశాలు అందులో చేరాయి.

2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో చివరిది భాగస్వామ్యాల గురించే. మిగిలిన పదహారూ ఏ ఒక్క సంస్థ వల్లా అయ్యేవి కావని దాని భావమని తరగతిలో చెబుతుంటాను. కానీ మా బీరువాలో ఇలాంటి ఒప్పందాలు ఇప్పటికే పదకొండు ఉన్నాయి, వాటిలో ఎనిమిదింటి కింద ఒక్క పని కూడా జరగలేదు. పోయిన వేసవిలో మా విద్యార్థులు సమాజసేవా ప్రాజెక్టు కోసం ఒక ఊరికి వెళ్లినప్పుడు ఒక పెద్దాయన వాళ్లను ఆపి, "పోయినేడు వొచ్చినోల్లూ ఇవే అడిగారు, మా నూతి నీల్లు సీసాల్లో అట్టుకెల్లారు, ఆ నీల్లలో ఏటుందో ఒక్కలూ మాకు సెప్పనేదు" అన్నారు. ఆ సీసాలను పరీక్షించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఫలితాలు మా ప్రయోగశాల రికార్డులో ఉన్నాయి, ఆయనకు మాత్రం చేరలేదు. అప్పటి నుంచి ఈ ముసాయిదా ముందు కూర్చున్నప్పుడల్లా ఆ మాటే గుర్తుకొస్తోంది.

పనిచేసే ఒప్పందంలో ఏమేం ఉండాలి? ఖర్చు ఎవరు భరించాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

విశ్రాంత విస్తరణాధికారి (జవాబు):

మాస్టారు గారికి నమస్కారం. నేను వ్యవసాయ విస్తరణలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి, ఎక్కువ కాలం శ్రీకాకుళం జిల్లాలోనే గడిపాను. ముందుగా ఒక మాట: ఆరు అంశాలు వద్దు. ఊరు ఇప్పటికే అడుగుతున్న ప్రశ్న ఏదో అదొక్కటే పట్టుకోండి. ఆ పెద్దాయన మీకు దాన్ని ఇచ్చేశారు, అది నీళ్ల గురించి.

విశ్వవిద్యాలయం ఊరికి జవాబుదారీగా ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో 1862లో మొర్రిల్ చట్టం కింద ప్రభుత్వ భూములిచ్చి వ్యవసాయం నేర్పే కళాశాలలు పెట్టించారు. ఆ తర్వాత చదువొక్కటే చాలదని తెలిసి 1887లో ప్రయోగ క్షేత్రాలనూ, అది కూడా చాలదని తెలిసి 1914లో విస్తరణ వ్యవస్థనూ జోడించారు. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కిందికి రావడానికి వాళ్లకు 52 ఏళ్లు పట్టింది. మన దేశంలో 1960లో పంత్‌నగర్‌లోనూ, 1964లో హైదరాబాదులోనూ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు వెలసినప్పుడు ఆ మూడింటినీ మొదటి రోజు నుంచే కలిపి పెట్టుకున్నారు. మన నైర వ్యవసాయ కళాశాల, జిల్లాల్లోని ఏరువాక కేంద్రాలు ఆ వరుసలోవే. అయితే విస్తరణ అంటే శాస్త్రవేత్త మాటను రైతుకు చేరవేయడమని మాత్రమే చాలామంది అనుకున్నారు. రైతు ప్రశ్నను ప్రయోగశాలకు మోసుకెళ్లడం అందులో సగం పని, ఆ సగమే ఎప్పుడూ వెనకబడింది.

ఇక ఒప్పందంలో రాయవలసినవి. పని కాలపట్టిక ఊరి కాలపట్టికను అనుసరించాలి, సెమిస్టరును కాదు. వరి రైతుకు నేల పరీక్ష ఫలితం ఏరువాక పున్నమి లోపల అందకపోతే, మరుసటి నెలలో ఎంత చక్కగా అచ్చువేసి ఇచ్చినా ఆ ఏడాదికి దానితో పనిలేదు. మన వైపు కళాశాలల్లో జూన్, జూలై నెలలంటే ప్రవేశాల హడావుడి, పొలంలో అవే అసలైన రోజులు. ఈ రెండింటి మధ్య చిక్కుకుని పోయిన ప్రాజెక్టులు నేను చాలా చూశాను. తోటల విషయంలో గడువే వేరు: 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు కూలిన చోట తిరిగి నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది, రెండేళ్ల ప్రాజెక్టు మొక్కను చూస్తుందిగానీ కాయను చూడదు. అందువల్ల అయిదేళ్లు అని మీరు పెట్టుకున్న గడువును ఎవరు తగ్గించమన్నా తగ్గించకండి.

ఇంకొకటి, బాధ్యతను మనిషి పేరు మీద కాకుండా పదవి మీద రాయండి. ఉత్సాహం ఉన్న అధ్యాపకుడు బదిలీ అయితే పని అక్కడితో ఆగిపోవడం మన దగ్గర మామూలైపోయింది. రైతు పొలంలో ప్రయోగ మడి వేస్తే, దిగుబడి తగ్గినప్పుడు నష్టం ఎవరు కడతారో కూడా సంతకానికి ముందే తేల్చుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థతో కలిసి ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకృతి వ్యవసాయం మీద చేసిన అధ్యయనంలో మడులు రైతుల పొలాల్లోనే వేశారు. రైతును సమాన భాగస్వామిగా కూర్చోబెట్టడమంటే అది.

కవిటి ఆశా కార్యకర్త (జవాబు):

మాస్టారు గారూ, మీరు నిజం ఒప్పుకున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. మా మండలంలో కిడ్నీ జబ్బు గురించి పరిశోధన అంటూ రక్తం, మూత్రం, నీళ్లు తీసుకెళ్లిన బృందాలు ఎన్ని వచ్చాయో నేను లెక్క చెప్పలేను. జబ్బుకు కారణం నీరా, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే పనా, నొప్పి మాత్రలా, ఇవన్నీ కలిసా అన్నది ఇప్పటికీ తేలలేదని వైద్యులే అంటున్నారు. తేలనిదాన్ని తేలలేదని చెప్పినా మా వాళ్లు అర్థం చేసుకుంటారు. ఏమీ చెప్పకుండా వెళ్లిపోవడమే వాళ్లను బాధిస్తుంది. ఒకసారి వచ్చిన బృందం తెచ్చిన సమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉంది. నేను చదివి చెప్పలేకపోయాను, వాళ్లు వేలిముద్రలు వేయించుకుని వెళ్లారు. ఆ రోజు నేను వాళ్లతో ఇల్లిల్లూ తిరిగాను కాబట్టి, ఫలితం ఏమైందని అందరూ నన్నే అడుగుతారు.

అందుకని నా వైపు నుంచి అడిగేవి ఇవి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, గట్టిగా చదివి వినిపించాలి. రక్తం ఇచ్చిన ప్రతి మనిషికీ క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలిపే పరీక్ష) ఎంతో రాసిన చీటీ ఇన్ని రోజుల్లోపల ఇస్తామని తేదీతో సహా ఒప్పందంలో పెట్టాలి. ఎక్కువగా ఉన్నవాళ్లను పలాసలోని ఆసుపత్రికి తీసుకెళ్లే బాధ్యత ఎవరిదో రాయాలి, ఎందుకంటే చీటీ ఇచ్చి వదిలేస్తే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లను మధ్యాహ్నం పిలిచి రెండు గంటలు ప్రశ్నలు అడిగితే వాళ్లకు సగం రోజు కూలి పోతుంది. విశ్వవిద్యాలయం నుంచి వచ్చేవారికి ప్రయాణభత్యం ఉన్నప్పుడు వీళ్లకు కూలి ఇవ్వడం కూడా లెక్కలో ఉండాలి.

నీళ్ల పరీక్షకు మనుషులు మా ఊళ్లలోనే ఉన్నారు. జల జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు కిట్లతో నీటిని పరీక్షించడం నేర్పించాలన్న నియమం ఉంది. నేర్చుకున్నవాళ్లకు మళ్లీ పిలుపు రాకపోతే ఆ కిట్లు మూలన పడతాయి. మీ విద్యార్థులు వాళ్లతో కలిసి పరీక్షిస్తే, మీరు బదిలీ అయిపోయినా పని తెలిసినవాళ్లు ఊళ్లో ఉంటారు.

విజయనగరం పరిశోధకురాలు (జవాబు):

పై ఇద్దరూ చెప్పినదానితో ఎక్కువగా ఏకీభవిస్తున్నాను. ఒక్క అంశానికే పరిమితం కావాలన్న సలహాకు మాత్రం చిన్న సవరణ: ప్రశ్న ఒక్కటే ఉండాలి, కానీ దానికి జవాబు చెప్పవలసిన శాఖలు అనేకం. నీటిలో నైట్రేటు తాగునీటి పరిమితి అయిన లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిందని రసాయనశాస్త్రం చెబుతుంది. ఎరువు ఎంత వేస్తున్నారో వ్యవసాయశాఖవారికి తెలుస్తుంది. వంశధార నీరు హిరమండలం నుంచి పైపుల్లో వస్తున్నా ఇంకా నూతి నీరే ఎందుకు తాగుతున్నారన్నది ఇళ్లకు వెళ్లి మాట్లాడే సామాజికశాస్త్ర విద్యార్థి తెలుసుకోవలసిన సంగతి. ఈ ముగ్గురినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం పెద్ద విశ్వవిద్యాలయానికే కష్టం. అసలు భాగస్వామ్యం ముందుగా అక్కడ మొదలుకావాలి.

ఒప్పందాలు బీరువాల్లో ఎందుకు పోగుపడతాయో కూడా గుర్తించాలి. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గుర్తింపుకు అమలులో ఉన్న ఒప్పందాల సంఖ్య అడుగుతారు. టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ సంస్థ 2019 నుంచి ఇస్తున్న ప్రభావ ర్యాంకుల్లో మొత్తం స్థానం కావాలంటే 17వ లక్ష్యం, అంటే భాగస్వామ్యాల లక్ష్యం, తప్పనిసరి. కాబట్టి సంస్థల అధిపతులకు మీ ఒప్పందం అవసరమే, ఆ అవసరాన్ని ఊరికి పనికొచ్చే షరతులు పెట్టించుకోవడానికి వాడుకోండి. ఊరికి ఫలితాలు అందించిన తేదీల వివరాలనే అమలుకు రుజువుగా సమర్పించమని అడగండి.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన నమూనా నెదర్లాండ్స్‌లోది. 1970వ దశకంలో అక్కడి విశ్వవిద్యాలయాల్లో "విజ్ఞాన దుకాణాలు" తెరిచారు. పరిశోధనకు డబ్బు పెట్టలేని పౌర సంఘాలు తమ ప్రశ్నతో అక్కడికి వెళితే, అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు ఆ ప్రశ్న మీద పనిచేసేవారు. మన దగ్గర దానికి కావలసిన విద్యార్థుల సమయం పాఠ్యప్రణాళికలోనే ఉంది. డిగ్రీ మొదటి సంవత్సరం తర్వాత సమాజసేవా ప్రాజెక్టుకు కేటాయించినవి 180 గంటలు. ఏటా కొత్త ప్రశ్నావళితో కొత్త ఊరికి పంపే బదులు, అదే మూడు పంచాయతీలకు పంపి, పోయినేటి జట్టు రాసిన పుస్తకం చదివాకే కొత్త జట్టు ఊళ్లో అడుగుపెట్టాలన్న నియమం పెడితే అయిదేళ్లలో అవే నూతుల మీద అయిదేళ్ల వివరాలు పోగవుతాయి.

డబ్బు విషయానికి వస్తే, కంపెనీల చట్టం 135వ సెక్షను కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. సుస్థిరాభివృద్ధి కోసం పరిశోధన చేసే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ఇచ్చే విరాళాలూ ఆ చట్టం 7వ షెడ్యూలులో ఉన్నాయి. అయితే నీటి కాలుష్యం గురించి పరిశీలిస్తూ ఆ చుట్టుపక్కల పరిశ్రమ దగ్గరే డబ్బు తీసుకుంటే, ఫలితం ఎలా వచ్చినా ప్రకటించే హక్కు మీదేనని ముందుగానే రాయించుకోవాలి.

కొండ ఊళ్లలో పనిచేసేదాన్ని కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర గిరిజనులకు చదువు చెప్పడానికి ముందు, తాను వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆయన ఏ ఒప్పంద పత్రమూ రాసుకోలేదు, ఆ క్రమం మాత్రం తప్పలేదు.

సోంపేట అధ్యాపకుడు (ప్రతిస్పందన):

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ముసాయిదాలోని ఆరు అంశాల్లో అయిదు తీసేసి తాగునీరు ఒక్కటే ఉంచాను. ఫలితాలను తెలుగులో, నమూనా తీసిన 30 రోజుల్లోపల, గ్రామసభలో చదివి వినిపించాలన్న షరతును మొదటి పేజీలోనే పెట్టాను. పోయినేటి నూతి నీటి ఫలితాలను సంతకాల దాకా ఆగకుండా వచ్చే ఆదివారమే తీసుకెళుతున్నాను, ముందుగా ఆ పెద్దాయన ఇంటికే. ఒక సందేహం మిగిలింది. ఏటా రాసే నీటి పుస్తకం అసలు ప్రతి ఎక్కడ ఉండాలి? కళాశాలలోనా, గ్రామ సచివాలయంలోనా?

కవిటి ఆశా కార్యకర్త (జవాబు):

సచివాలయం సాయంత్రానికి తాళం పడుతుంది, మాస్టారు గారూ. అసలు ప్రతి నీళ్లు పరీక్షించే ఆ అయిదుగురి దగ్గర ఉంచి, నకళ్లు మీరూ సచివాలయమూ తీసుకోండి. గోడ మీద కూడా రాయించండి, ప్రతి నూతికీ తేదీతో సహా.