ధ్యానంలో కూర్చుంటే చెడు ఆలోచనలు ఇంకా ఎక్కువవుతున్నాయి, మీకూ ఇలాగే ఉందా?

వెన్నెల22:
మూడు వారాలుగా రోజూ పొద్దున్నే పది నిమిషాలు శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చుంటున్నాను. కళ్లు మూయగానే "నీ వల్ల ఏదీ కాదు" అన్న మాట మొదలవుతుంది. తోసేసే కొద్దీ మీదికొస్తోంది. నేనేమైనా తప్పు చేస్తున్నానా?

తుమ్మెద:
తప్పేమీ లేదండీ, చిక్కంతా ఆ తోసేయడంలోనే ఉంది. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దంది. వాళ్లకి పదేపదే అదే గుర్తొచ్చింది. ఇక ఆలోచించుకోవచ్చు అన్నాక, మొదట్నుంచీ ఆలోచించమన్నవాళ్లకంటే ఎక్కువసార్లు వచ్చింది.

నేనైతే "నా వల్ల కాదు" అన్నదాన్ని "నా వల్ల కాదన్న ఆలోచన వచ్చింది" అని మనసులో అనుకుంటాను. మొదట్లో ఈపాటి దానికి ఏం మారుతుందిలే అనిపించింది. ఓ రాత్రి మా మేనేజర్ నుంచి "రేపు మాట్లాడాలి" అని మెసేజ్ వచ్చింది. అంతే, ఉద్యోగం పోయినట్టే అనిపించి గొంతు కింద పిడికిలంత మేర బిగుసుకుపోయింది. "భయం, భయం" అనుకుంటూ ఆ బిగువు ఎక్కడిదాకా ఉందో చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి కొంచెం వదులైంది. ఆలోచన పోలేదు గానీ, దానితో వాదించాల్సిన పని తప్పింది.

రాతిమెట్టు:
నాకు డిప్రెషన్ మూడుసార్లు వచ్చి తగ్గింది. అది మళ్లీ తిరగబెట్టకుండా సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తయారుచేసిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (లోపల జరిగేదాన్ని ఉన్నది ఉన్నట్టు గమనించడం) కోర్సు చేశాను. దానికి మూలం జాన్ కబాట్-జిన్ 1979లో మొదలుపెట్టిన, ఒత్తిడి తగ్గించుకునే ధ్యాన పద్ధతి. నాకు అందులో బాగా నిలిచింది మూడు నిమిషాల విరామం: ముందు లోపల ఏం నడుస్తోందో చూడటం, తర్వాత శ్వాస, ఆపైన ఒళ్లంతా. మనసు బాగా కుంగినప్పుడు మాత్రం ఇదొక్కటే నమ్ముకోకండి. డాక్టర్‌ని కలవండి, మందులు వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయొద్దు.

వానచినుకు:
కళ్లు మూస్తే నాకు పాత సంఘటన ఒకటి కళ్లకు కట్టి ఒళ్లు వణికేది. ఓర్చుకోవాలేమోనని నెలరోజులు అలాగే కూర్చున్నాను, అది పొరపాటు. నేర్పినావిడ కళ్లు తెరిచి, పాదాలు నేలకి ఆనించి, చుట్టూ వినిపించే చప్పుళ్లు వినమన్నారు. శ్వాసే పట్టుకోవాలన్న నియమం లేదట. ఇప్పుడు ఎక్కువగా నడుస్తూనే చేస్తున్నాను.

వెన్నెల22:
అందరికీ థాంక్సండీ. ఇవాళ కళ్లు తెరిచి రెండు నిమిషాలే కూర్చున్నాను. ఆ మాట మళ్లీ వచ్చింది. ఈసారి తోసేయకుండా చూస్తే, అది రాకముందే నా పళ్లు గట్టిగా బిగుసుకుని ఉన్నాయని తెలిసింది. రేపు అక్కణ్నుంచే చూస్తాను.