ఉద్యోగం వచ్చాక మొదటి బక్రీద్: ఖుర్బానీ (జంతు బలి) నా మీద విడిగా ఉంటుందా?

కొత్త_ఉద్యోగి:
అందరికీ సలాం. ఇప్పటిదాకా బక్రీద్ అంటే నాన్న చూసుకునే వ్యవహారం, నా పని నమాజుకెళ్లి రావడం, ఆ తర్వాత మాంసం పొట్లాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం, అంతే. ఈ ఏడాది జీతం మొదలైంది. స్నేహితుడొకడు "సంపాదిస్తున్నావు కాబట్టి నీ ఖుర్బానీ నువ్వే ఇవ్వాలి, మీ నాన్నది నీకు చెల్లదు" అంటున్నాడు. నాన్నేమో ఇంటికి ఒకటి చాలు అంటారు. ఎవరి మాట పట్టుకోవాలో తెలియట్లేదు. ఇంకో మాట, అంత డబ్బు పెట్టి జంతువును కొనే బదులు ఆ డబ్బే ఇబ్బందుల్లో ఉన్న ఇంటికి ఇచ్చేస్తే ఖుర్బానీ అయినట్టు కాదా? వాదనకి అడగట్లేదు, నిజంగానే తేల్చుకోలేకపోతున్నా. అలాగే జుల్‌హిజ్జా (బక్రీద్ పండగ పడే నెల) నెలవంక కనిపించాక గోళ్లు, జుట్టు తీయకూడదంటారు కదా, అది అందరికీనా?

ఫిఖ్హ్_చదువరి:
వఅలైకుం సలాం. మీ స్నేహితుడు చెప్పేది హనఫీ పద్ధతి, సున్నీల నాలుగు మజ్‌హబ్‌లలో (ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో) ఒకటి. మీ నాన్నగారి మాట మిగతా మూడు మజ్‌హబ్‌లకు దగ్గరగా ఉంది. ఇద్దరిలో ఎవరూ సొంతంగా కల్పించి చెప్పట్లేదు.

హనఫీల్లో ఖుర్బానీ వాజిబ్ (తప్పనిసరి), అదీ ఇంటి లెక్కన కాదు, మనిషి లెక్కన. కాకపోతే జీతం వస్తోందా లేదా అన్నది కాదు ప్రశ్న. అప్పులూ అవసరాలూ తీసేశాక మీ చేతిలో నిసాబ్, అంటే 52.5 తులాల (సుమారు 612 గ్రాముల) వెండి విలువంత మిగులు ఉందా అన్నదే చూడాలి. జకాత్‌కైతే (ఏటా ఇచ్చే తప్పనిసరి దానానికి) ఆ సొమ్ము మీద ఏడాది గడవాలి, దీనికి ఆ షరతు లేదు, పండగ రోజుల్లో మీ దగ్గర ఉంటే చాలు. నెలాఖరుకి అకౌంట్ ఖాళీ అయిపోయే కొత్త ఉద్యోగి మీద చాలాసార్లు ఏమీ ఉండదు, ఈ సంగతి మీ స్నేహితుడికి కూడా చెప్పండి. ప్రయాణంలో ఉన్నవాళ్ల మీద కూడా వాజిబ్ కాదు.

షాఫయీ, మాలికీ, హంబలీ పండితుల్లో ఎక్కువమంది దీన్ని గట్టి సున్నత్ (ప్రవక్త ఆచరణ, తప్పనిసరి కాదు) అన్నారు. ఇంట్లో ఒకరు ఇస్తే ఇంటిల్లిపాదికీ పుణ్యం. ప్రవక్త కాలంలో ఒక మనిషి తనకూ తన ఇంటివాళ్లకూ కలిపి ఒక్క గొర్రెనే ఇచ్చేవాడని, తాము తిని ఇతరులకు పెట్టేవాళ్లని, తర్వాత తర్వాత జనం గొప్పలకు పోవడం మొదలుపెట్టారని ప్రవక్త సహచరుడు అబూ అయ్యూబ్ చెప్పిన మాట తిర్మిజీ సేకరించిన హదీసుల్లో (ప్రవక్త మాటలు, పనుల ఉల్లేఖనాల్లో) ఉంది. అప్పుడే అలా అన్నారంటే, పండగకి వారం ముందు నుంచీ పొట్టేలు పక్కన నిలబడి ఫొటోలు పెట్టే మనవాళ్లను చూస్తే ఏమనేవారో. మొదటి ఇద్దరు ఖలీఫాలు అబూ బక్ర్, ఉమర్ అయితే జనం దీన్ని తప్పనిసరి అనుకుంటారేమోనని కొన్ని ఏళ్లు కావాలనే ఇవ్వలేదని కూడా ఉల్లేఖనాలున్నాయి.

కాబట్టి మీరు ఏ పద్ధతిలో నడుస్తున్నారో దాన్ని బట్టి చూసుకోండి. అప్పు చేసి మాత్రం ఇవ్వక్కర్లేదు.

గోళ్ల సంగతి: అది ఖుర్బానీ ఇవ్వాలని అనుకున్నవాళ్లకే, నెలవంక నుంచి జంతువు జిబహ్ (కోయడం) అయ్యేదాకా. హంబలీలు గట్టిగా పట్టుకుంటారు, మిగతావాళ్లు పాటిస్తే మంచిది అంటారు. మర్చిపోయి గోళ్లు తీసుకున్నా ఖుర్బానీ చెడిపోదు, దానికి టెన్షన్ పడకండి.

ఇంటి_లెక్కలు:
పైన భాయ్ చెప్పినదానికి ఒకటి కలపాలి. హనఫీ లెక్కలో మగవాళ్ల జేబు మాత్రమే చూస్తే సరిపోదు. భార్య దగ్గర సొంత బంగారం నిసాబ్ దాటి ఉంటే ఆమె ఖుర్బానీ విడిగా ఉంటుంది. చాలా ఇళ్లలో మొగుడి పేరున ఒక మేక ఇచ్చేసి అందరిదీ అయిపోయిందనుకుంటారు. పెద్ద జంతువులో ఏడుగురు కలవొచ్చు కాబట్టి అలాంటప్పుడు వాటాలు వేసుకోవడమే తేలిక. అయితే ఏడుగురిదీ ఇబాదత్ నియ్యతే (ఆరాధన ఉద్దేశమే) అయ్యుండాలి, ఒకడు మాంసం కోసమే చేరితే మిగతా ఆరుగురిదీ చెల్లదని హనఫీలు అంటారు.

పొట్లాల లెక్క కూడా అడిగేవాళ్లుంటారు. మూడు భాగాలు చేసి ఒకటి ఇంటికి, ఒకటి బంధువులకూ స్నేహితులకూ, ఒకటి పేదలకూ ఇవ్వడం మంచి పద్ధతి, కానీ తూకం వేసి మరీ పంచాలన్న నియమం లేదు. అవసరం ఎక్కువ కనిపిస్తే ఎక్కువే ఇవ్వాలి. ఒక ఏడాది కరువుతో పేదలు మదీనాకు వచ్చి చేరితే, మూడు రోజులకు మించి ఎవరూ మాంసం దాచుకోవద్దని ప్రవక్త చెప్పారు. మరుసటి ఏడాది అడిగితే, అప్పుడు వచ్చినవాళ్ల కోసం అలా అన్నాను, ఇప్పుడు తినండి, దాచుకోండి, దానం చేయండి అన్నారు. ఫ్రిజ్ నింపుకునేటప్పుడు ఈ హదీసులో "దాచుకోండి" ఒక్కటే గుర్తొస్తుంది మనకి.

కొత్త_ఉద్యోగి:
చాలా థాంక్స్. నా మిగులు నిసాబ్‌కి కాస్త అటూ ఇటూగా ఉంది, కూర్చుని లెక్క వేస్తా. డబ్బు ఇచ్చేసే సంగతి ఎవరూ చెప్పలేదు.

పాత_సభ్యుడు:
నేను చెప్తా. "వాటి మాంసం గానీ రక్తం గానీ అల్లాహ్‌కు చేరవు, మీ భయభక్తులే ఆయనకు చేరతాయి" అని ఖుర్ఆన్ 22వ సూరా (అధ్యాయం) 37వ ఆయత్‌లో ఉంది. దీన్ని చూపించి, మరైతే కోయడం ఎందుకు, డబ్బు చాలదా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. కానీ దానికి ముందు ఆయత్‌లోనే జంతువును అర్పించి మీరు తినండి, చెయ్యి చాచనివాడికీ చాచేవాడికీ కూడా పెట్టండి అని ఉంది. రెండూ కలిపి చదవాలి. ఆరోగ్యంగా ఉన్నవాడు రంజాన్ ఉపవాసం మానేసి ఆ పూట అన్నదానం చేస్తే ఉపవాసం అయిపోదు కదా, అన్నదానం పుణ్యం అన్నదానానికి ఉంటుంది. ఇదీ అంతే. వాజిబ్ అయినవాళ్లకు ఆ రోజుల్లో డబ్బు దానం ఖుర్బానీకి బదులు కాదు. సదఖాకి (ఐచ్ఛిక దానానికి) ఏడాది పొడుగునా తలుపులు తెరిచే ఉన్నాయి.

అసలు కథ గుర్తు చేసుకోండి. ఇబ్రాహీం అలైహిస్సలాం కల చూసి కొడుకుని లాక్కెళ్లలేదు, "నాకిలా కల వచ్చింది, నువ్వేమంటావు" అని అడిగారు. ఆ పిల్లాడు "నాన్నా, మీకు వచ్చిన ఆజ్ఞ నెరవేర్చండి, నేను ఓర్చుకుంటాను" అన్నాడు. 37వ సూరాలో ఈ భాగం నాలుగైదు ఆయత్‌లే, అయినా నాకు ఎప్పుడూ ఆ అడగడం దగ్గరే మనసు ఆగిపోతుంది. తనకు అన్నిటికంటే ఇష్టమైనదాన్ని వదులుకోవడానికి ఇద్దరూ సిద్ధపడ్డారు, అల్లాహ్ ప్రాణం తీసుకోలేదు, బదులుగా మరో బలి ఇచ్చాడు. (కొడుకు పేరు ఖుర్ఆన్‌లో అక్కడ లేదు. ముస్లింలలో ఎక్కువమంది ఇస్మాయీల్ అంటారు, బైబిల్‌లో ఇస్సాకు. ఆ చర్చ ఇక్కడ మొదలుపెట్టకండి ప్లీజ్.)

మీ మనసులో ఉన్నది పేదలకు చేరాలన్నదే అయితే దారి ఉంది. అవసరం ఎక్కువ ఉన్నచోట మీ తరఫున జిబహ్ చేసి పంచమని నమ్మకమైనవాళ్లకు అప్పగించండి. 632లో చివరి హజ్‌లో ప్రవక్త 100 ఒంటెల్లో 63 తన చేత్తో జిబహ్ చేసి మిగతావి అల్లుడు అలీకి అప్పగించారు. మాంసం, తోలు అన్నీ పంచెయ్యమని, కోసినవాడి కూలి అందులోంచి కాకుండా విడిగా ఇవ్వమని కూడా చెప్పారు. కూలి కింద తోలు ఇచ్చేసే అలవాటున్నవాళ్లు ఇది చూసుకోండి. ఇంకొకటి, జంతువు ఎక్కడుందో అక్కడి ఈద్ నమాజ్ అయ్యాకే కోయాలి, మీ దగ్గర కూడా జుల్‌హిజ్జా 10వ తేదీ (పండగ రోజు) తెల్లారి ఉండాలి. నమాజుకి ముందు కోస్తే అది మామూలు మాంసమే.

బయటి_మనిషి:
నేను ముస్లింని కాదు, చదువుతుంటే అడగాలనిపించింది. జంతువు బాధ గురించి ఏమైనా నియమం ఉందా, లేక కోసేయడమేనా?

ఫిఖ్హ్_చదువరి:
ఉందండీ, చాలా గట్టిగానే ఉంది. కత్తి ముందే పదును పెట్టాలి, అదీ జంతువు కళ్లముందు కాదు. ఒకదాని ముందు ఇంకోదాన్ని కోయకూడదు. ప్రాణం పూర్తిగా పోకముందే తోలు తీయకూడదు. గుడ్డిది, కుంటిది, జబ్బుది, బక్కచిక్కింది ఖుర్బానీకి పనికిరాదు, మేకకు ఏడాది, ఎద్దుకు రెండేళ్లు, ఒంటెకు ఐదేళ్లు నిండాలి. పాటించేవాళ్లు ఎంతమంది అంటే, తొందర తొందరగా కోసేసే చోట్ల చాలావరకు పాటించరు, ఆ విమర్శ న్యాయమైనదే.

కొత్త_ఉద్యోగి:
ఆఖరి ప్రశ్న. 9న అరఫా ఉపవాసం (పండగ ముందు రోజుది) ఉందామనుకుంటున్నా. పండగ రోజు కూడా జంతువు కోసేదాకా ఏమీ తినకూడదా?

ఇంటి_లెక్కలు:
9న తప్పకుండా ఉండు తమ్ముడూ, హజ్‌కి వెళ్లనివాళ్లకు అది మంచి సున్నత్. 10న నమాజ్ అయ్యేదాకా తినకపోవడం, ఖుర్బానీ ఇస్తుంటే ఆ మాంసంతోనే మొదలుపెట్టడం సున్నత్, అంతేగానీ అది ఉపవాసం కాదు. ఆకలేస్తే తిను. 10 నుంచి 13 దాకా ఉపవాసాలు ఉండకూడదు. 9 ఫజర్ (తెల్లవారుజాము నమాజ్) నుంచి 13 అసర్ (సాయంత్రం నమాజ్) దాకా ప్రతి ఫర్జ్ (తప్పనిసరి) నమాజ్ తర్వాత తక్బీర్ (అల్లాహు అక్బర్ అనే స్తుతి) చదవడం మర్చిపోకు.