వాటర్‌మేకర్ పెట్టించాలా, ట్యాంకు నీళ్లు చాలా? (విశాఖ – అండమాన్, ఇద్దరమే)

జంటనావ
అందరికీ నమస్కారం. మాది 38 అడుగుల ఫైబర్ తెరచాప పడవ. మంచినీళ్ల ట్యాంకు 300 లీటర్లు, డీజిల్ ట్యాంకు 150, డెక్ మీద 20 లీటర్ల డీజిల్ క్యాన్లు నాలుగు. సోలార్ 400 వాట్లు, లిథియం బ్యాటరీ 200 ఆంపియర్ అవర్లు. జనవరి మొదటి వారంలో విశాఖ నుంచి బయల్దేరి, సీజనంతా అండమాన్‌లో తిరిగి రావాలని ఆలోచన. పడవలో మేమిద్దరమే. సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే, గంటకి 30 లీటర్లు తీసే 12 వోల్టుల వాటర్‌మేకర్ పెట్టించాలా, ట్యాంకుతోనే గడుపుకోవాలా? ధర సంగతి పక్కన పెట్టి చెప్పండి.

లంగరు_మాస్టారు
అక్కర్లేదండీ. తాగడానికి మనిషికి 4 లీటర్లు, వంటకి 2, ఉప్పునీటి స్నానం తర్వాత ఒళ్లు కడుక్కోవడానికి 2. ఇద్దరికీ కలిపి రోజుకి 16. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి చివర్లో ఒక్క మగ్గు మంచినీళ్లు పోస్తే చాలు. ట్యాంకులో పావు వంతు అత్యవసరానికి వదిలేసినా 225 లీటర్లు మిగులుతాయి, అంటే పద్నాలుగు రోజులు. దాటడానికి పట్టేది ఆరు రోజులు. అక్కడ రెండు వారాలకోసారి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) వచ్చి నింపుకోండి. పది క్యాన్లు, డింగీలో (ఒడ్డుకి పోయే చిన్న పడవ) మూడు ట్రిప్పులు.

మెషీన్ అంటే పంపు, సీళ్లు, రెండు ఫిల్టర్లు, ఉప్పుని ఆపే పొర (మెంబ్రేన్). వీటిలో ఏది పోయినా హేవ్‌లాక్ ద్వీపంలో దొరకదు.

ఉప్పునీటి_ఇంజనీరు
మాస్టారి లెక్క తప్పు కాదు గానీ, సగమే. మార్చి వచ్చేసరికి పోర్ట్ బ్లెయిర్‌లోనే నీళ్ల కటకట. ఊరంతా ధనిఖారి ఆనకట్ట మీద ఆధారపడింది. ఎండాకాలం అక్కడివాళ్లకే రోజు విడిచి రోజు నీళ్లొస్తుంటే మనం పది క్యాన్లు పట్టుకుని జెట్టీ దగ్గర నిలబడటం ఏం బాగుంటుంది? వాననీళ్లు పట్టుకోవచ్చంటారేమో, జనవరి నుంచి మార్చి దాకా అక్కడ వాన దాదాపు ఉండదు. మే నుంచే.

కరెంటు సంగతి. పీడన శక్తిని తిరిగి వాడుకునే రకమైతే 30 లీటర్లకి 10 ఆంపియర్లు చాలు. 400 వాట్ల సోలార్ మన ఎండకి రోజుకి 120 ఆంపియర్ అవర్లు ఇస్తుంది. లంగరు వేసి ఉన్నప్పుడు ఫ్రిజ్‌కి 55, మిగతావాటికి 20. ఇంకో 45 మిగులే.

భీమిలి_గాలి
ప్రయాణంలో మిగలదు. ఆటోపైలట్ ఒక్కటే 60 తింటుంది.

ఉప్పునీటి_ఇంజనీరు
నిజమే, అందుకే ప్రయాణంలో నడపొద్దనే నేనూ చెప్తాను. పైగా పడవ వాలి వెళ్తున్నప్పుడు నీళ్లు లాగే రంధ్రం అలల మధ్య గాలి పీలుస్తుంది, పంపు గరగరమంటూ పీడనం పడిపోతుంది. మెషీన్ లంగరు చోట వాడుకోవడానికే.

లంగరు_మాస్టారు
మరి కడుగుడు నీళ్ల మాటెత్తరేం? వాడిన ప్రతిసారీ మెంబ్రేన్‌ని మంచినీళ్లతో కడగాలి. ఒక్కో కడుగుడుకి 12 లీటర్లు. రోజూ 16 లీటర్లు తీసి 12 కడగడానికే పోస్తే చేతికొచ్చేది 4.

ఉప్పునీటి_ఇంజనీరు
రోజూ ఎవరు నడుపుతారండీ? మూడు రోజులకోసారి రెండు గంటలు. 60 లీటర్లు వస్తాయి, 12 కడుగుడుకి పోయినా 48. మీ లెక్క ప్రకారమే మూడు రోజుల ఖర్చు.

మొదటి ఐదు నిమిషాల నీళ్లు ట్యాంకులోకి పంపొద్దు. పక్కకి తిప్పి గ్లాసులో పట్టి, టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పు కొలిచేది) ముంచి చూడండి. 500 లోపు స్థిరపడ్డాకే ట్యాంకు వైపు వాల్వు తిప్పాలి. పదిహేను రోజులు కడగకుండా వదిలేసిన మెషీన్ అయితే మీటరు దాకా పోనక్కర్లేదు, గ్లాసు ముక్కు దగ్గరికి తెస్తే కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. లోపల చిక్కుకున్న సూక్ష్మజీవులు చచ్చి కుళ్లిన వాసన అది.

లంగరు_మాస్టారు
12 అంటున్నారు, పెద్ద హౌసింగ్ (మెంబ్రేన్ ఉండే గొట్టం) ఉన్నవాటికి 20 పడుతుంది. 20 తీసేస్తే 40. మూడు రోజులకి 48 కావాలి. చాలదు.

ఉప్పునీటి_ఇంజనీరు
గంటకి 30 లీటర్ల మెషీన్‌కి పెద్ద హౌసింగ్ ఎందుకుంటుంది? 12.

లంగరు_మాస్టారు
20.

యారాడ_కొండ
ఇద్దరూ ఆగండి. కడిగే నీళ్లు ఎక్కడివన్నది అసలు ముఖ్యం. విశాఖలో కుళాయి నీళ్లతో ట్యాంకు నింపితే దాన్లో క్లోరిన్ ఉంటుంది. ఆ నీళ్లతో కడిగితే మెంబ్రేన్ పోతుంది, మళ్లీ బాగుపడదు. కడుగుడు పైపు మీద కార్బన్ ఫిల్టరు తప్పనిసరి, ఆరు నెలలకోసారి మార్చాలి. రేవులో మెషీన్ ఆన్ చేయనేకూడదు, ఇంజిన్ ఆయిల్ తెట్టు ఒక్కసారి లోపలికి పోతే అంతే.

ఉప్పునీటి_ఇంజనీరు
అక్షరాలా నిజం. నాకు బిగించి ఇచ్చిన డీలరు ఆ కార్బన్ ఫిల్టరు పెట్టనే లేదు. మెంబ్రేన్ పోయాక వారంటీలోకి రాదన్నాడు. అది మనిషి తప్పు, మెషీన్‌ది కాదు.

లంగరు_మాస్టారు
ఇప్పుడు అర్థమైంది. ఒకసారి పాడైనదాన్ని మళ్లీ కొని, అది సరైనదేనని ఊరందరి చేతా కొనిపిస్తున్నారు.

ఉప్పునీటి_ఇంజనీరు
ఇది మర్యాద కాదు మాస్టారూ. నేను అంకెలు చెప్పాను, మీరు నా ఉద్దేశాలు వెతుకుతున్నారు. వాటర్‌మేకర్ లేకుండా తిరిగిన కాలం మీది, ఆ పద్ధతే శాస్త్రం అంటే ఎలా?

లంగరు_మాస్టారు
సరే, ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఆ మెషీన్ విశాఖలో ఖాళీగా పడి ఉంటుంది కదా, అప్పుడేం చేస్తారో చెప్పండి.

ఉప్పునీటి_ఇంజనీరు
ఒక శాతం సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణం నింపి మూసేయాలి. దాన్ని అలా వదిలేయకూడదు. వారానికోసారి కొంచెం తీసి పీహెచ్ కాగితం ముంచాలి. 3కి దిగితే ద్రావణం మార్చాలి. విశాఖ ఉక్కకి అది త్వరగా దిగుతుంది. పడవని ఒడ్డుకి లాగి పెట్టినా ఇది తప్పదు.

జాలారిపేట_తమ్ముడు
మీరు నీళ్లు నీళ్లు అంటున్నారు గానీ, ఒడ్డుకాడికొచ్చినాక వలల సంగతి ఎవరూ సెప్పట్లేదు. మార్చిలో ఒస్తే ఆఖరి నలభై మైళ్లు రేతిరి పూట వలలే. వలకి కట్టే సిన్న బెండ్లు, దీపం ఒకదానికుంటది, ఒకదానికుండదు. సిన్న ఫైబర్ పడవలకి ఏఐఎస్ (పడవ ఎక్కడుందో రేడియోలో సెప్పే పెట్టె) ఉండదు, మీ తెర మీద కనపడవు. ఎలుగులో రేవు సేరేలా లెక్కేసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకి వేట బంద్. అప్పుడు వలలు శానా తక్కువ. తెప్పలుంటాయి, అవి ఒడ్డుకి దగ్గరే.

జంటనావ
చాలా మంచి విషయం చెప్పారు తమ్ముడూ. అలాగైతే ఏప్రిల్ 15 తర్వాత తిరిగి రావడమే మేలన్నమాట. అందుకే వాటర్‌మేకర్ అనుకుంటున్నా. ఏప్రిల్‌లో అక్కడ గాలి పడిపోయి, నీళ్లు అద్దంలా ఉంటాయి.

యారాడ_కొండ
ఏప్రిల్ 15 తర్వాతా? మొదటి పోస్టులో ఆ మాట లేదే. ప్రశ్నే మారిపోయింది.

గాలి పడిపోతుందని మీరే అన్నారు, మరి ఏ గాలితో వస్తారు? పోర్ట్ బ్లెయిర్ నుంచి దక్షిణంగా దిగి, డంకన్ పాసేజ్ (దక్షిణ అండమాన్‌కీ లిటిల్ అండమాన్‌కీ మధ్య జలసంధి) దాటి, నార్త్ సెంటినల్ ద్వీపాన్ని కుడివైపు వదిలేసి విశాఖకి రావాలంటే దాదాపు 700 నాటికల్ మైళ్లు. (సెంటినల్‌కి 5 మైళ్ల లోపలికి పోవడం నేరం, గాలి లేనప్పుడు ప్రవాహం అటు నెట్టొచ్చు, గుర్తుంచుకోండి.) ఐదు నాట్ల వేగంతో (గంటకి ఐదు నాటికల్ మైళ్లు) 140 గంటలు. ఇంజిన్ మెల్లగా నడిపినా గంటకి రెండున్నర లీటర్లు తాగుతుంది. 350 లీటర్లు. మీ దగ్గరున్నది ట్యాంకు, క్యాన్లు కలిపి 230. ట్యాంకు అడుగున మడ్డి ఉండే చివరి 15 లీటర్లు లెక్కలోంచి తీసేయండి. 215 లీటర్లతో 86 గంటలు, అంటే 430 మైళ్లు. మిగతా 270 మైళ్లు దేనితో?

ఫిబ్రవరిలో ఇదే దారి, ఈశాన్య గాలి సరిగ్గా పక్క నుంచి వస్తుంది. పోయేటప్పుడూ, వచ్చేటప్పుడూ కూడా. తెరచాప పడవకి ఇంతకంటే మంచి గాలి లేదు. మార్చి మూడో వారం దాకా ఎంతో కొంత దొరుకుతుంది.

భీమిలి_గాలి
ఏప్రిల్‌లో మన తీరం దగ్గర పైరగాలి బాగానే ఉంటుందిగా.

యారాడ_కొండ
తీరం దగ్గర ఉంటుంది. బంగాళాఖాతం నడిమధ్యలో ఉండదు, మొదటి 400 మైళ్లు అక్కడే. మీరు చెప్పే పైరగాలి దొరికేసరికి డీజిల్ అయిపోయి ఉంటుంది, రేవులోకి రావడానికి కావలసిన 20 లీటర్లు కూడా మిగలవు.

ఉప్పునీటి_ఇంజనీరు
డీజిల్ క్యాన్లు ఇంకో ఆరు కట్టుకోవచ్చు. అప్పటికీ 335 లీటర్లు, పైన కొంత పైరగాలి. ఏప్రిల్ మొదటి పది రోజుల్లో బయల్దేరితే నాకేం అభ్యంతరం లేదు.

లంగరు_మాస్టారు
నాకుంది. ఇదే నేను మొదటినుంచీ చెప్పాల్సిన మాట, కడుగుడు నీళ్ల గొడవలో పడి చెప్పలేదు.

రెండు వారాలకోసారి నీళ్లకని పోర్ట్ బ్లెయిర్ రావడం నాకు ఇబ్బంది కాదండీ, అదే రక్షణ. వచ్చినప్పుడల్లా ఫోను సిగ్నలు, వాతావరణ శాఖ బులెటిన్, రేవులో పదిమంది మాట. నీళ్లు అయిపోతున్నాయంటే కాలం అయిపోతోందని గుర్తు. మెషీన్ ఉంటే ఆ గుర్తు ఉండదు. ఇంకో ద్వీపం, ఇంకో వారం అనుకుంటూ ఏప్రిల్ చివరికి జారిపోతారు. 2008లో నర్గిస్, 2019లో ఫణి, రెండూ ఏప్రిల్ చివరి వారంలో పుట్టిన తుఫాన్లే. మార్చికే భరోసా లేదు, 2022 మార్చిలో తీవ్ర వాయుగుండం అండమాన్ మీదుగానే పోయింది.

హుద్‌హుద్ దారి ఒకసారి మ్యాపు మీద గీసి చూడండి. 2014 అక్టోబరు 8న లాంగ్ ఐలాండ్ దగ్గర అండమాన్ దాటింది, 12న విశాఖ మీద పడింది. నాలుగు రోజులు. మీ పడవకి ఆరు. అది అక్టోబరు, మీది ఏప్రిల్, ఒప్పుకుంటాను. కానీ దారి అదే. వెనక నుంచి వచ్చేదాన్ని ఐదు నాట్ల పడవ తప్పించుకోలేదు.

ఉప్పునీటి_ఇంజనీరు
ఈ మాటలో నిజం ఉంది. అయితే దానికి మందు మెషీన్ మానేయడం కాదు, తేదీ కట్టుకోవడం. శాటిలైట్ పరికరంలో రోజుకి రెండుసార్లు వాతావరణం తెప్పించుకోవచ్చు. నీళ్ల కొరతని అలారం గడియారంగా వాడమంటే నేను ఒప్పుకోలేను. దాహంతో ఉన్నవాళ్లు మంచి నిర్ణయాలు తీసుకోరు.

లంగరు_మాస్టారు
తేదీ కట్టుకున్నవాళ్లు ఎంతమంది ఆ తేదీకి కదిలారు?

జంటనావ
నమస్తే. ఈ ఖాతా మా ఇద్దరిదీ. పైన రాసింది మావారు, ఇప్పుడు రాస్తున్నది నేను.

మాస్టారూ, ఇంజనీరు గారూ, మీరిద్దరూ పోట్లాడుకుంటున్న విషయమే మా ఇంట్లో రెండు నెలలుగా నడుస్తోంది. వాటర్‌మేకర్‌కి నేను అడ్డు కాదు. కొన్న రోజు నుంచీ దాన్ని కడిగేది, ఫిల్టర్లు మార్చేది నేనే అవుతాను, 20 మైక్రాన్, 5 మైక్రాన్ రెండూ విప్పి బిగించడం నేర్చుకున్నాను. నేను వద్దనేది ఏప్రిల్‌ని. ప్రశ్న అడిగేటప్పుడు ఆ నెల పేరు రాయమన్నాను, రాయలేదు.

ఇద్దరే ఉన్న పడవలో మూడు గంటల కాపలా, మూడు గంటల నిద్ర. ఆరు రోజులు అలా నడపగలం. గాలి లేక తొమ్మిది, పది రోజులైతే, చివర్లో తమ్ముడు చెప్పిన తెప్పల మధ్యకి నిద్రలేని కళ్లతో వస్తాం. మన విశాఖ అమ్మాయి స్వాతి 2017–18లో నౌకాదళం తెరచాప పడవ తారిణి మీద ప్రపంచం చుట్టి వచ్చినప్పుడు పడవలో ఆరుగురు. 2024–25లో అదే తారిణి మీద ఇద్దరే చుట్టి వచ్చారు, దిల్నా, రూప. కానీ వాళ్లిద్దరూ నౌకాదళంలో ఏళ్ల తరబడి తయారైనవాళ్లు, వెనక ఒడ్డున ఒక దళం వాతావరణం చూస్తూ ఉంది. మా వెనక ఎవరున్నారు?

నా తేదీ మార్చి 15. ఆ రోజుకి డంకన్ పాసేజ్ దాటి ఉండాలి. అది తెలిస్తే చెప్పండి, వాటర్‌మేకర్ కావాలా వద్దా?

లంగరు_మాస్టారు
అమ్మా, మార్చి 15 అంటే నాకు పేచీ లేదు. పెట్టించుకోండి. కాకపోతే ట్యాంకుని రెండుగా విడదీయించండి. మెషీన్ నీళ్లు ఒకదాన్లోకి, ఒడ్డున నింపినవి రెండోదాన్లో ముట్టుకోకుండా 100 లీటర్లు. ఒకసారి చెడ్డ నీళ్లు కలిసిపోతే రెండూ పోతాయి. కడుగుడుకి 20 లెక్కేసుకోండి.

ఉప్పునీటి_ఇంజనీరు
ట్యాంకు విడదీయడం మంచి సలహా. కడుగుడుకి 12 చాలు. స్పేరు కింద తప్పకుండా ఉండాల్సినవి: ప్రీఫిల్టర్లు పన్నెండు, హై ప్రెషర్ పంపు సీల్ కిట్ ఒకటి, కార్బన్ ఫిల్టరు ఒకటి, మెటాబైసల్ఫైట్ అరకిలో గాలి తగలని డబ్బాలో.

యారాడ_కొండ
చివరి వంద మైళ్లు విశాఖకి సూటిగా గురి పెట్టొద్దు. మార్చిలో తీరం వెంబడి ప్రవాహం ఉత్తరానికి ఉంటుంది. ఇరవై గంటల్లో ఇరవై మైళ్లు నెట్టేసిందంటే భీమిలి దాటి తేలుతారు, అక్కడినుంచి ప్రవాహానికి ఎదురు రావాలి. కాకినాడ వైపు పాతిక మైళ్లు దిగువకి పట్టండి, డాల్ఫిన్స్ నోస్ దీపం కుడివైపు ముందు కనపడేలా.

జాలారిపేట_తమ్ముడు
అక్కా, పడవలో రంపం పళ్ల కత్తి ఒకటి, కళ్లజోడు మాస్కు ఒకటి ఎప్పుడూ సేతికందే సోట ఎట్టండి. వల పడవ కింది ఇంజిన్ పంకాకి సుట్టుకుంటే ముందు ఇంజిన్ ఆపాలి, ఎనక్కి తిప్పి ఇడిపిద్దామని సూడొద్దు, ఇంకా బిగుస్తది. నడుముకి తాడు కట్టుకుని దిగాలి. ఒకరు దిగితే ఒకరు పైన తాడు పట్టుకోవాలి.

జంటనావ
తాడు నేను పట్టుకుంటాను, దిగేది మావారు. మార్చి 15 అని గోడ క్యాలెండర్ మీద ఆయన చేతే రాయించాను. ట్యాంకు విడదీసే పని విశాఖలో ఫైబర్ తెలిసినవాళ్లు ఎవరు చేస్తారో సందేశం పంపండి, డిసెంబరు లోపు పూర్తవ్వాలి.