హెడ్‌లైట్లలో ఎక్కువ వెలుగునిచ్చే బల్బులు వేయించడం సమంజసమేనా?

హుజూర్‌నగర్ దారి:
నా కారు పన్నెండేళ్ల నాటిది. కంపెనీ ఇచ్చిన హెచ్4 హాలోజన్ బల్బులే, అంటే హైబీమ్‌కు (దూరపు వెలుగు) 60 వాట్లు, లోబీమ్‌కు (కిందికి దించిన వెలుగు) 55 వాట్లు ఉన్నవే, ఇప్పటికీ వాడుతున్నాను. ప్రతి శనివారం రాత్రి కోదాడ దగ్గర జాతీయ రహదారి దిగి హుజూర్‌నగర్ వైపు వెళ్తాను. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి, నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. ఆ కుప్ప బండి ముందుకు వచ్చేదాకా కనబడదు. 100/90 వాట్ల బల్బులు వేయించమని ఒకరు, ఎల్ఈడీ జత పెట్టించమని మరొకరు, రెండూ నేరమేనని ఇంకొకరు అంటున్నారు. అనుభవజ్ఞుల అభిప్రాయం కోరుతున్నాను.

రిలే మిస్త్రీ:
బల్బు కొనే ముందు ఒక పని చేయండి. ఇంజిన్ నడుస్తుండగా, లైటు వేసి, బ్యాటరీ దగ్గరా బల్బు హోల్డర్ దగ్గరా వోల్టేజి కొలిపించండి. పాత బండ్లలో చాలా వాటికి హెడ్‌లైటు కరెంటు మొత్తం స్టీరింగ్ పక్కనున్న స్విచ్ గుండానే, సన్నని వైర్ల మీదుగా వెళ్తుంది. ఫిలమెంటు (వేడెక్కి వెలిగే తీగ) ఉన్న బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. అదే వైరింగ్ మీద 100 వాట్ల బల్బులు వేస్తే, బల్బుకు 5 ఆంపియర్ల దగ్గర ఉన్న కరెంటు 8 దాటుతుంది. దాంతో హోల్డర్ కరుగుతుంది, స్విచ్ మాడుతుంది, వెలుగును ముందుకు మళ్లించే రిఫ్లెక్టర్ మీది పూత పొగచూరుతుంది. కరిగిన హోల్డర్లు మా షెడ్డులో ఒక డబ్బా నిండా ఉన్నాయి. బ్యాటరీ నుంచి నేరుగా మందమైన వైరు తెచ్చి, ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టిస్తే పాత బల్బే కొత్తదానిలా వెలుగుతుంది.

రాత్రి బాడుగ:
మిస్త్రీ గారి మాట కాదనను గానీ, నేను బాడుగ కారు నడిపేవాణ్ణి. నెలలో ఇరవై రాత్రులు రోడ్డు మీదే ఉంటాను. ఎల్ఈడీ బల్బులు వేయించి రెండేళ్లయింది, వైరింగ్ మీద భారమూ తగ్గింది. ఎదురుగా వచ్చే లారీ ఎంత డిప్పర్ కొట్టినా హైబీమ్ దించదు. అందరూ కళ్లలో వెలుగు కొడుతుంటే నేనొక్కణ్ణే మర్యాద పాటిస్తూ చీకట్లో గేదెను గుద్దాలా?

ఎదురు బండి:
ఆ కళ్లలో పడే వెలుగు నా మీదే పడుతోంది కనుక చెబుతున్నాను. నేను ద్విచక్ర వాహనం మీద తిరిగేవాణ్ణి. హెచ్4 బల్బులో లోబీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. రిఫ్లెక్టర్ కింది సగానికి తగిలి పైకి ఎగిసే వెలుగును అది ఆపుతుంది. రిఫ్లెక్టర్ వంపులన్నీ ఆ ఫిలమెంటు ఉన్న చోటును బట్టి గీసినవి. ఎల్ఈడీ బల్బులో రెండు పక్కలా చిప్పులు అతికించి ఉంటాయి కనుక, వెలుగు పుట్టే చోటు మిల్లీమీటరులో కొద్ది భాగం జరిగినా దూరం వెళ్లవలసినది దారితప్పుతుంది. పైగా బానెట్ ముందు నేల తెల్లగా మెరిసేసరికి కంటిపాప ముడుచుకుని, దూరాన ఉన్నది ఇంకా మసకబారుతుంది. ‘బాగా కనిపిస్తోంది’ అన్న భ్రమ చాలావరకు అక్కడిదే.

చట్టం సంగతీ చెప్పాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 106వ నిబంధన ప్రకారం, దీపానికి 8 మీటర్ల దూరంలో, కాస్త కుడిపక్కగా, నేలకు 1.5 మీటర్ల ఎత్తున కన్ను ఉన్న మనిషికి మిరుమిట్లు కలగకుండా కాంతి కిందికి వంగి ఉండాలి, లేదా నడిపేవాడు అలా దించగలిగేలా ఉండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

రాత్రి బాడుగ:
జర్మనీలో 2020లోనే ఓస్రామ్ వారి ఎల్ఈడీ బల్బును హాలోజన్ స్థానంలో రోడ్డు మీద వాడేందుకు అనుమతించారు. అక్కడ పనికొచ్చినది ఇక్కడ నేరమెలా అవుతుంది?

ఎదురు బండి:
మీ ఉదాహరణ నా వాదనకే బలం. అక్కడ అనుమతి ఎల్ఈడీ అన్న పేరుకు రాలేదు. ఫలానా బల్బు ఫలానా మోడల్ దీపంలో పెడితే కిరణాల హద్దు చెదరడం లేదని పరీక్షించిన తరువాత, ఆ జాబితాలోని కార్లకే ఇచ్చారు. మీ బల్బు పెట్టె మీద మీ కారు పేరు ఉందా?

రిలే మిస్త్రీ:
హుజూర్‌నగర్ గారూ, ఇంకో రెండు చూసుకోండి. దీపం అద్దం పసుపుబారి ఉంటే పాలిష్ పట్టించండి. స్టీరింగ్ పక్కన సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న చక్రం ఉంటే, అది హెడ్‌లైటు వెలుగును కిందికి దించేది; వెనుక మనుషులో బరువో ఉన్నప్పుడే సున్నా నుంచి పైకి తిప్పాలి. చాలామంది అది ఉందనే ఎరుగరు.

హుజూర్‌నగర్ దారి:
కొలిపించాను. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, హోల్డర్ దగ్గర 11.9. రిలే పెట్టించి, అద్దాలు పాలిష్ చేయించి, గోడ ముందు బండి నిలిపి కిరణాల ఎత్తు సరిచేయించాను. 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు కిందికి వాలేలా దింపారు. చక్రం ఇన్నాళ్లూ మూడు మీదే ఉంది! మొన్న శనివారం మలుపు దగ్గర కుప్ప సకాలంలోనే కనిపించింది. నిజం చెప్పాలంటే, ఆ రాత్రి గంటకు 50 కిలోమీటర్లు దాటనూ లేదు, కనుక ఘనత దేనిదో తేల్చలేను.

రాత్రి బాడుగ:
సంతోషం. ఎదురుగా లారీ వచ్చిన రాత్రి ఎలా ఉందో కూడా రాయండి.