లాగుతున్న హైడ్రోఫోన్‌లో ప్రవాహపు రొద: రబ్బరు తొడుగు సరిపోతుందా?

ప్రశ్న (చెరువుగట్టు):
చిన్న పడవ నుంచి నిలువుగా దించిన 8 మిల్లీమీటర్ల కేబుల్ చివర హైడ్రోఫోన్ (నీటి అడుగు శబ్దాలను పట్టే మైకు) కట్టి, సెకనుకు 2 మీటర్ల వేగంతో లాగుతూ రికార్డు చేస్తున్నాము. పడవ కదలగానే 50 హెర్ట్జ్ దగ్గర ఒక పదునైన శిఖరం, దానిపైన కొన్ని వందల హెర్ట్జ్ దాకా పరుచుకున్న రొద కనిపిస్తున్నాయి. మొదటిది కరెంటు హమ్ (50 హెర్ట్జ్ విద్యుత్ సరఫరా వల్ల వచ్చే గుంయిమనే రొద) అనుకుని గ్రౌండింగ్ రెండుసార్లు మార్చినా ఫలితం లేదు. రబ్బరు తొడుగు వేస్తే రెండూ తగ్గుతాయా?

సమాధానం (నీటిచెవి):
కరెంటు హమ్ అయితే పడవ ఆగినా పోదు కదండీ. ప్రవాహానికి అడ్డంగా ఉన్న కేబుల్ వెనుక సుడులు ఎడమకూ కుడికీ మార్చి మార్చి విడిపోతుంటాయి; వాటి పౌనఃపున్యం సుమారుగా వేగాన్ని వ్యాసంతో భాగించి 0.2తో గుణిస్తే వస్తుంది. మీ కొలతలకు అది సరిగ్గా 50! వేగాన్ని 3 మీటర్లకు పెంచి చూడండి. శిఖరం 75 వైపు జరిగితే దోషం కేబుల్‌దే. దానికి తొడుగు మందు కాదు, సుడులను చెదరగొట్టేలా కేబుల్ పొడవునా దారపు కుచ్చులు కట్టాలి.

సమాధానం (అల):
పరుచుకున్న రొద సంగతి వేరు. హైడ్రోఫోన్ ఉపరితలాన్ని ఆనుకుని పారే కల్లోలపు పొరలోని సుడులు ప్రవాహ వేగంలో దాదాపు 0.7 వంతుతో జారిపోతాయి. కాబట్టి 200 హెర్ట్జ్ దగ్గర వాటి తరంగదైర్ఘ్యం 7 మిల్లీమీటర్లే, అదే పౌనఃపున్యపు శబ్దానికి నీటిలో 7.5 మీటర్లు. ఈ తేడాయే మనకు ఆయుధం: ఇంత చిన్న అలల పీడనం తొడుగు లోపలికి దిగేకొద్దీ వేగంగా సన్నగిల్లుతుంది, శబ్దం మాత్రం దాదాపు అలాగే చేరుతుంది. 5 మిల్లీమీటర్ల పాలీయురేథేన్ (రబ్బరు లాంటి ప్లాస్టిక్) పొర ఆదర్శ లెక్కలో 200 దగ్గర 39 డెసిబెల్‌లు తగ్గిస్తుంది, కానీ 50 దగ్గర 10 మాత్రమే. అయితే హైడ్రోఫోన్ ఆకారం మొద్దుగా ఉంటే దాని వెనుకా సుడులు పుడతాయి; ముందు దాన్ని చేప ఆకారపు తొడుగులో అమర్చండి.

చెరువుగట్టు:
3 మీటర్ల వేగంలో శిఖరం 74కు జరిగింది. ఇన్నాళ్లూ గ్రౌండింగ్‌ను అనవసరంగా నిందించాము. తక్కువ పౌనఃపున్యాలకు పొరను మరింత మందంగా పోత పోయవచ్చా?

నీటిచెవి:
పోయవచ్చు గానీ, మందపు పోతలో చిక్కుకున్న గాలి బుడగలు శబ్దాన్నే వెనక్కి తిప్పేస్తాయి. పోసే ముందు వాక్యూమ్‌లో గాలి తీయాలి. దానికంటే హైడ్రోఫోన్‌ను ప్లాస్టిక్ గొట్టం మధ్యలో ఉంచి, చుట్టూ 20 మిల్లీమీటర్ల ఎడంలో ఆముదం నింపడం సులువు; మందపు పొర పని అదే చేస్తుంది. సోనార్ ట్రాన్స్‌డ్యూసర్లలో (నీటిలో శబ్దాన్ని పంపి, అందుకునే పరికరాల్లో) ఆముదం ఏనాటి నుంచో వాడుతున్నదే. గొట్టాన్ని నిలబెట్టి, కింది నుంచి నెమ్మదిగా నింపండి.